పన్నెండు హార్స్‌పవర్‌తో ఎగిరిన విల్బర్

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి చైతన్యపురి వైపు నడుస్తుంటే మీ కళ్లకు ముందుగా తగిలేవి అంకెలే. ఇన్ని రోజుల్లో కోర్సు, ఇన్ని లక్షల ప్యాకేజీ, నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్... గోడలనీ పిల్లర్లనీ వదలకుండా పోస్టర్లు. అవి చదువుకుంటూ ఎల్బీనగర్ చేరి, అక్కడి నుంచి బడంగ్‌పేట దారి పట్టండి. శిక్షణ విమానాల కోసం వాడే నాదర్‌గుల్ ఎయిర్‌ఫీల్డ్ అటువైపే. టైమ్ కలిసొస్తే నెత్తిమీద చిన్న విమానం ఒకటి రొద చేసుకుంటూ పోతుంది.

దాని ఇంజిన్‌కీ ఒక అంకె ఉంటుంది. ఫ్లయింగ్ స్కూళ్లలో దశాబ్దాలుగా తిరుగుతున్న సెస్నా 152నే తీసుకోండి. అందులో బాగా కనిపించే ఇంజిన్ పేరు లైకమింగ్ ఓ-235-ఎల్2సి. ఇప్పుడు చెప్పండి, దాని పవర్ ఎంత? మెకానికల్ చదివిన వాళ్లు కూడా ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న ఎదురైతే గబుక్కున 235 హార్స్‌పవర్ అనేసే ప్రమాదం ఉంది. కాదు. ఆ విమానంలో దాని పవర్ 110. అదైనా అన్ని రోజులూ, అన్ని ఊళ్లలోనూ 110 రాదు. పేరులో ఉన్న అంకె ఒకటి, కాగితం మీది పవర్ ఇంకొకటి, షాఫ్టు మీదికి నిజంగా వచ్చేది మరొకటి.

ఈ తేడాను కాలేజీ గడప తొక్కకుండానే పట్టుకున్న మనిషి విల్బర్ రైట్. పేరు మీకు తెలుసు. అన్నదమ్ములు, సైకిల్ షాపు, 1903, మొదటి విమానం. జీకే బిట్లు అక్కడితో అయిపోతాయి. ఇంజిన్ సంగతి మాత్రం ఏ బిట్‌లోనూ రాదు. మనకు కావాల్సింది అదే.

చేతికి రాని సర్టిఫికెట్

విల్బర్ 1867 ఏప్రిల్ 16న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, మిల్‌విల్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టాడు. తండ్రి మిల్టన్ రైట్ చర్చిలో బిషప్. ఆ ఉద్యోగం వల్ల కుటుంబం ఊళ్లు మారుతూనే ఉండేది. తల్లి సుసాన్‌కు పనిముట్లు పట్టడం బాగా వచ్చు. ఇంట్లో ఏదైనా బాగుచేయాలన్నా, పిల్లలకు ఆటబొమ్మ చేసివ్వాలన్నా ఆవిడే. 1878లో తండ్రి ఊరి నుంచి వస్తూ రబ్బరు బ్యాండుతో గాల్లోకి లేచే బొమ్మ తెచ్చాడు. విల్బర్‌కు పదకొండేళ్లు, తమ్ముడు ఆర్విల్‌కు ఏడు. అది విరిగేదాకా ఆడి, విరిగాక తామే అలాంటివి చేసుకున్నారు.

1884లో, విల్బర్ హైస్కూల్ చివరి రోజుల్లో, కుటుంబం ఉన్నట్టుండి ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌కు మారింది. పాఠాలన్నీ పూర్తయ్యాయి గానీ సర్టిఫికెట్ చేతికి రాలేదు. అయినా కుర్రాడు చురుకైనవాడు, యేల్ యూనివర్సిటీకి పంపాలని ఇంట్లో అనుకున్నారు. ఇంతలో 1885-86 చలికాలంలో హాకీ ఆడుతుంటే కర్ర వచ్చి మొహానికి తగిలింది. ముందు పళ్లు పోయాయి. గాయం మానినా గుండెదడ, జీర్ణకోశ బాధ పట్టుకున్నాయి. కాలేజీ ఆలోచన అలాగే వెనక్కి పోయింది.

తర్వాతి మూడేళ్లు విల్బర్ ఇల్లు కదల్లేదు. తల్లికి క్షయ. పొద్దున ఆవిణ్ని కిందికి తీసుకురావడం, రాత్రి మళ్లీ పైకి చేర్చడం, మిగిలిన టైమంతా తండ్రి పుస్తకాల గదిలో చదవడం. ఈ రోజుల్లో అయితే రెజ్యూమెలో దాన్ని గ్యాప్ అంటారు, ఇంటర్వ్యూలో దాని గురించే గుచ్చిగుచ్చి అడుగుతారు. 1889 జులైలో తల్లి చనిపోయింది. అప్పటికి విల్బర్‌కు 22 ఏళ్లు. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. ఆ ఇంట్లో డిగ్రీ తెచ్చుకున్నది చెల్లెలు క్యాథరిన్. ఆమె 1898లో ఒబర్లిన్ కాలేజీలో పట్టా పుచ్చుకుంది.

అన్నదమ్ములిద్దరూ మొదట ప్రింటింగ్ ప్రెస్ పెట్టారు, చిన్న వారపత్రిక నడిపారు. 1892లో సైకిల్ షాపు. రిపేర్లతో మొదలుపెట్టి, కొన్నేళ్లకు సొంత సైకిళ్లు తయారుచేసి అమ్మారు. బతుకు గడిచింది. గ్లైడర్లకు, ప్రయోగాలకు పెట్టిన డబ్బు ఆ షాపు సంపాదించినదే.

ముద్రించిన అంకెను నమ్మి

1896లో జర్మనీ గ్లైడర్ నిపుణుడు ఓటో లిలియంథాల్ ప్రయోగంలోనే కిందపడి చనిపోయాడన్న వార్త విల్బర్‌ను కదిపింది. 1899 మే 30న వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు ఉత్తరం రాశాడు. ఎగరడం గురించి ఇంతవరకూ అచ్చయిన సమాచారం ఏదుంటే అది పంపమని కోరాడు. వాళ్లు పుస్తకాల జాబితా, కొన్ని కరపత్రాలు పంపారు. ఆ సంస్థకు అప్పటి అధిపతి శామ్యూల్ లాంగ్లీ. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1900లో, 1901లో నార్త్ కరోలినా తీరంలోని కిట్టీ హాక్ ఇసుక దిబ్బల మీద గ్లైడర్లు ఎగరేశారు. 1901 గ్లైడర్ పెద్దది, అచ్చయిన పట్టికలు చూసి లెక్కలు వేసి కట్టింది. రావాల్సిన లిఫ్ట్ దగ్గరదాపుల్లోకి కూడా రాలేదు. తిరుగు ప్రయాణంలో విల్బర్ పూర్తిగా నీరుగారిపోయాడు. మన కాలంలో మనిషి ఎగరడం జరిగే పని కాదన్నట్టు తమ్ముడి దగ్గర మాట్లాడాడట.

ఇంటికి వచ్చాక అనుమానం పట్టికల మీదికి మళ్లింది. గాలి ఒత్తిడి లెక్కకు 18వ శతాబ్దం నుంచి స్మీటన్ గుణకం అని 0.005 వాడుతున్నారు. పెద్దపెద్ద వాళ్లంతా వాడారు కాబట్టి వీళ్లూ వాడారు. ఆ శరదృతువులో షాపులోనే ఆరడుగుల చెక్కపెట్టెతో విండ్ టన్నెల్ కట్టారు. లోపలి త్రాసులకు వాడినవి సైకిల్ చువ్వలు, రంపపు బ్లేడు ముక్కలు. దాదాపు 200 రకాల రెక్క నమూనాలు పరీక్షించారు. తమ కొలతల ప్రకారం ఆ గుణకం 0.0033 దగ్గర తేలింది. వందేళ్లు దాటి పుస్తకాల్లో ఉన్న అంకె నిజానికన్నా సగం ఎక్కువ! ఆ కొలతలతో కట్టిన 1902 గ్లైడర్ చెప్పినట్టు విని ఎగిరింది.

8 అని రాసి ఉంటే 8 ఉన్నట్టేనా?

ఇక మిగిలింది ఇంజిన్. 1902 డిసెంబరులో పేరున్న మోటారు కంపెనీలకు ఉత్తరాలు రాశారు. 8 బ్రేక్ హార్స్‌పవర్ కావాలి, మొత్తం బరువు 200 పౌండ్లు, అంటే 90 కిలోలు దాటకూడదు. చాలా కంపెనీలు తీరిక లేదన్నాయి. ఒక కంపెనీ మాత్రం తమ దగ్గర 8 హార్స్‌పవర్ ఇంజిన్ ఉంది, బరువు 135 పౌండ్లే, కావాలంటే అమ్ముతామంది. అయితే ఆ 8 ఫ్రెంచి రేటింగ్ పద్ధతి ప్రకారం చెప్పిన 8.

మీరైతే ఏం చేస్తారు? అడిగినంత పవర్, అడిగినదాంట్లో మూడింట రెండొంతుల బరువు. ఎగిరి గంతేసి ఆర్డర్ పెట్టేస్తాం. విల్బర్, ఆర్విల్ రేటింగ్‌ను పక్కనపెట్టి కొలతలు చూశారు. ఒకే సిలిండర్. బోర్ 4 అంగుళాలు, స్ట్రోక్ 5 అంగుళాలు.

లెక్క మీరూ వేయండి. 4 అంగుళాల బోర్ వైశాల్యం 12.57 చదరపు అంగుళాలు. దాన్ని స్ట్రోక్ 5తో గుణిస్తే దాదాపు 63 క్యూబిక్ అంగుళాలు, మన బైకుల భాషలో సుమారు 1,030 సీసీ. ఈ కాలంలో అంత సీసీకి 8 హార్స్‌పవర్ అంటే నవ్వు వస్తుంది. ఆ కాలం ఇంజిన్లు వేరు. చుట్లు తక్కువ, కంప్రెషన్ తక్కువ. అన్నదమ్ముల షాపులో మెషీన్లు తిప్పడానికి తామే కట్టుకున్న ఇంజిన్ ఒకటుంది. దాని సిలిండర్ కంపెనీ ఇస్తానన్న దానికన్నా పెద్దది. అది ఎంత లాగుతుందో రోజూ చూస్తున్నవాళ్లు కాబట్టే ఈ బుల్లి సిలిండర్ 8 ఇస్తుందంటే అనుమానం వచ్చి ఉండాలి. పేరు గొప్ప ఊరు దిబ్బ అని అర్థమైపోయింది. వద్దన్నారు.

ఇక్కడ ఒక మాట తేల్చుకోవాలి. బ్రేక్ హార్స్‌పవర్ అంటే ఏమిటి? ఇంజిన్ షాఫ్టుకు బ్రేకు లాంటి భారం పెట్టి, ఎంత బలంతో తిప్పుతోంది, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది అని కొలిస్తే వచ్చే పవర్. సిలిండర్ సైజును బట్టి పన్నుల కోసమో అమ్మకాల కోసమో కట్టిన రేటింగ్ కాదది. విమానాన్ని లాగేది షాఫ్టు చివర మిగిలిన పవరే. వీళ్లు ఉత్తరంలో హార్స్‌పవర్ అనకుండా బ్రేక్ హార్స్‌పవర్ అని అడగడం ఊరికే కాదు.

పదహారు కాస్తా పన్నెండు

సొంతంగా కట్టాలని నిర్ణయించారు. షాపులో చార్లీ టేలర్ అని మెకానిక్ ఉన్నాడు. ఒక డ్రిల్ ప్రెస్, ఒక లేత్ మెషీన్ అతని ఆస్తి. దాదాపు 100 పౌండ్ల స్టీల్ దిమ్మ మీద ఆకారం గీసి, అంచు వెంట రంధ్రాలు వేసి, ఉలితో కొట్టి ఊడదీసి, లేత్ మీద తిప్పి 19 పౌండ్ల క్రాంక్‌షాఫ్ట్ తీశాడు. పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ఒక్క కీలు దారి అరగదీయడానికి మీరు పడ్డ పాట్లు గుర్తుకొస్తే టేలర్ చేసిన పని విలువ తెలుస్తుంది. క్రాంక్‌కేస్‌ను డేటన్‌లోనే అల్యూమినియంతో పోత పోయించారు. నాలుగు సిలిండర్లు, ఒక్కోదానికి బోర్ 4 అంగుళాలు, స్ట్రోక్ 4 అంగుళాలు. డిజైన్ మొదలైన ఆరు వారాలకే ఇంజిన్ టెస్టుకు ఎక్కింది.

1903 ఫిబ్రవరిలో టెస్టు చేస్తుండగా బేరింగులు పట్టేశాయి, క్రాంక్‌కేస్ పగిలింది. మళ్లీ పోత. ఏప్రిల్‌లో కొత్తది వచ్చింది, మేలో మళ్లీ టెస్టు. మొదటి కొన్ని సెకన్లు 16 హార్స్‌పవర్ చూపించింది. నిమిషం తిరిగేసరికి 12కు పడిపోయింది.

ఈ చోట నాకు విల్బర్ మీద గౌరవం పెరుగుతుంది. 16 అని రాసుకోవచ్చు. ఇంజిన్ నిజంగానే 16 ఇచ్చింది, అబద్ధమేమీ కాదు. అన్నదమ్ములు విమానాన్ని లెక్కకట్టింది మాత్రం 12తో. ఎగరాల్సింది మొదటి పది సెకన్లు కాదు కదా. మొదటి అంచనాలో విమానం, మనిషి కలిపి 550 పౌండ్లు అనుకున్నారు. 12 ఖాయమయ్యాక 750, 800 దాకా పెంచుకోవచ్చని తేల్చి, రెక్కలనూ ఫ్రేమునూ గట్టిగా కట్టారు.

పవర్ ఎందుకు పడిపోయింది? ఆ ఇంజిన్‌కు ఇప్పటి కార్బ్యురేటర్ లాంటిది లేదు. పెట్రోలు చుక్కలు చుక్కలుగా ఒక పల్చని అరలోకి పడేది, ఇంజిన్ వేడికే ఆవిరై గాలితో కలిసేది. ఇంజిన్ వేడెక్కేకొద్దీ లోపలికి వెళ్లే గాలీ వేడెక్కుతుంది. వేడి గాలి పల్చన. సిలిండర్ నిండినట్టే ఉంటుంది గానీ లోపల గాలి బరువు తక్కువ, మండేది తక్కువ, పవర్ తక్కువ.

ఇదే సంగతి మన నాదర్‌గుల్‌కు తెచ్చి చూడండి. ఇంజిన్ రేటింగులు సముద్ర మట్టం దగ్గర, 15 డిగ్రీల ప్రామాణిక వాతావరణానికి ఇచ్చినవి. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు అంటే మనకు వింతేమీ కాదు. ఈ రెండూ కలిస్తే గాలి సాంద్రత ప్రామాణికం కన్నా దాదాపు 14 శాతం తగ్గుతుంది. టర్బో లేని ఇంజిన్ పవర్ 10 నుంచి 15 శాతం దాకా పడిపోతుంది. 110 హార్స్‌పవర్ ఇంజిన్ ఆ మధ్యాహ్నం వంద లోపే. పైగా పల్చని గాలిలో ప్రొపెల్లర్ పట్టు, రెక్కల లిఫ్ట్ కూడా తగ్గుతాయి. శిక్షణ విమానాలు వేసవిలో పొద్దున్నే ఎగరడానికి ఇష్టపడటంలో ఇదొక కారణం. పైలట్ కోర్సులో దీన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అని బట్టీ పట్టిస్తారు. విల్బర్ షాపులో అది ఒక నిమిషంలో కళ్లముందు కనిపించింది.

201 క్యూబిక్ అంగుళాలు

విల్బర్ ఇంజిన్ సైజు లెక్క వేయండి. 4 అంగుళాల బోర్, 4 అంగుళాల స్ట్రోక్, నాలుగు సిలిండర్లు. 201 క్యూబిక్ అంగుళాలు, సుమారు 3.3 లీటర్లు. ఇప్పుడు కాంటినెంటల్ కంపెనీ ఓ-200-ఎ ఇంజిన్ తీసుకోండి. సెస్నా 150లో ఉండేది. దాని సైజు కూడా 201 క్యూబిక్ అంగుళాలే! పవర్ 100 హార్స్‌పవర్. ఒకే సైజు, ఒకటి 12, ఇంకొకటి 100. మన పల్సర్ 150 ఇంజిన్ 150 సీసీతో 14 దాకా ఇస్తుంది. మొదటి విమానం కన్నా మీ హాస్టల్ ముందు నిలబెట్టిన బండిది ఎక్కువ పవర్ అన్నమాట.

అమెరికా పద్ధతి పేర్లలో అంకె చెప్పేది ఈ సైజునే, అదీ కాస్త సర్దేసి. ఓ-235 అసలు సైజు 233. ముందున్న అక్షరం ఓ అంటే సిలిండర్లు ఎదురెదురుగా పడుకుని ఉన్న ఇంజిన్. దాని ముందు ఐ ఉంటే ఫ్యూయల్ ఇంజెక్షన్, టి ఉంటే టర్బోచార్జర్. చివరి అక్షరాలు, అంకెలు ఆ ఇంజిన్‌లో ఏ రకమో చెబుతాయి. వాటిని చిన్నచూపు చూడకండి. ఓ-235-ఎల్2సి 152లో 110 ఇస్తే, తర్వాతి 152ల్లో వచ్చిన ఓ-235-ఎన్2సి 108. లైకమింగ్ ఓ-320లోనే కంప్రెషన్ నిష్పత్తి 7 ఉన్న రకాలు 150 ఇస్తే, 8.5 ఉన్నవి 160 ఇస్తాయి.

పేరు మొత్తం ఒకటే అయినా మోసపోవచ్చు. సెస్నా 172ఆర్, 172ఎస్ రెండింటిలోనూ ఐఓ-360-ఎల్2ఎ ఇంజినే. మొదటిదాంట్లో 160, రెండోదాంట్లో 180. ఇంజిన్ మారలేదు. 172ఆర్‌లో నిమిషానికి 2,400 చుట్లకు ఆపేశారు, 172ఎస్‌లో 2,700 దాకా తిరగనిచ్చారు. అందుకే ఎవరైనా పవర్ అడిగితే ఎన్ని చుట్ల దగ్గర అని కూడా చెప్పాలి.

యూరప్ ఇంజిన్ రోటాక్స్ 912 దగ్గర ఈ సూత్రాలు పనిచేయవు. 912 అనేది సైజూ కాదు, పవరూ కాదు. ఉత్త మోడల్ నంబరు. 912 యూఎల్ 1,211 సీసీ, 80 హార్స్‌పవర్. 912 యూఎల్‌ఎస్ 1,352 సీసీ, 100 హార్స్‌పవర్. ఆ వంద కూడా టేకాఫ్‌కు, నిమిషానికి 5,800 చుట్ల దగ్గర, ఐదు నిమిషాలే. ఆగకుండా నడపాలంటే 5,500 చుట్లు, 95 మాత్రమే. విల్బర్ ఇంజిన్‌లో 16, 12 ఉన్నట్టే. ఇంకో మెలిక ఉంది. యూరప్‌లో వాడే మెట్రిక్ హార్స్‌పవర్ 735.5 వాట్లు, అమెరికా హార్స్‌పవర్ 746 వాట్లు. కిలోవాట్లలోకి మార్చి చూసుకుంటే గొడవ ఉండదు.

డీజీసీఏ కార్-66 సిలబస్‌లో పిస్టన్ ఇంజిన్ 16వ మాడ్యూల్. దానికి తయారవుతుంటే మోడల్ పేర్ల జాబితా బట్టీ కొట్టడం కన్నా ఏ ఇంజిన్‌కైనా టైప్ సర్టిఫికెట్ డేటా షీట్ తీసి చదవడం అలవాటు చేసుకోండి. ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఎన్ని చుట్ల దగ్గర ఎంత పవర్, ఎంతసేపు, ఏ పెట్రోలు, కంప్రెషన్ ఎంత అన్నీ అందులో ఉంటాయి.

యాభై రెండుకు ఎదురుగా పన్నెండు

మళ్లీ 1903కు వద్దాం. చేతిలో ఉన్నది 12. అందులో ఒక్క చుక్క వృథా కాకూడదు. ఓడల ప్రొపెల్లర్ల పుస్తకాలు వెతికితే పనికొచ్చే సిద్ధాంతం దొరకలేదు. గుండ్రంగా తిరిగే రెక్కే ప్రొపెల్లర్ అనుకుని, తమ విండ్ టన్నెల్ కొలతలతోనే లెక్కలు కట్టారు. ఈ వాదనలో అన్నదమ్ములు గంటలు గంటలు అరుచుకునేవారు. చివరికి చూస్తే ఇద్దరూ ఎదుటివాడి పక్షానికి మారిపోయి ఉండేవారట. ఎనిమిదిన్నర అడుగుల చెక్క ప్రొపెల్లర్లు రెండు. వేగంగా తిరిగే ఇంజిన్‌కు నేరుగా తగిలించకుండా, సైకిల్ తరహా గొలుసులతో మూడో వంతు వేగానికి తగ్గించి తిప్పారు. ఆ ప్రొపెల్లర్ల సామర్థ్యం 70 శాతానికి పైనే అని ఆధునిక పరీక్షల్లో తేలింది.

అదే సమయంలో స్మిత్‌సోనియన్ అధిపతి లాంగ్లీ కూడా విమానం కడుతున్నాడు. ప్రభుత్వ యుద్ధ శాఖ 50,000 డాలర్లు ఇచ్చింది. ఆయన సహాయకుడు చార్లెస్ మాన్లీ తయారుచేసిన ఇంజిన్ పవర్ 52 హార్స్‌పవర్. అది రేటింగ్ గొప్పలు కాదు, నిజంగానే అద్భుతమైన ఇంజిన్. కానీ విమానం నిర్మాణం, దాన్ని విసిరే ఏర్పాటు దానికి తగ్గట్టు లేవు. 1903 అక్టోబరు 7న పొటోమాక్ నదిలో పడింది. డిసెంబరు 8న మళ్లీ పడింది. నడిపిన మాన్లీని రెండుసార్లూ నీళ్లలోంచి బతికించి తీశారు.

కిట్టీ హాక్‌లో రైట్ సోదరులకూ సుఖం లేదు. ప్రొపెల్లర్ షాఫ్టులు విరిగాయి. ఆర్విల్ రైలెక్కి డేటన్ వెళ్లి కొత్త స్టీల్ షాఫ్టులు చేయించుకుని డిసెంబరు 11న తిరిగొచ్చాడు. ప్రొపెల్లర్ల లాగుడు బలం కొలిస్తే 130 పౌండ్లు దాటింది. అనుకున్నదానికన్నా ఎక్కువే. డిసెంబరు 14న బొమ్మా బొరుసూ వేస్తే విల్బర్ గెలిచాడు. ముక్కు మరీ పైకెత్తాడు, మూడున్నర సెకన్లకు ఇసుకలో పడింది. దాన్ని ఎగరడంగా ఆయనే లెక్కించలేదు. 17న ఆర్విల్ వంతు. 12 సెకన్లు, 120 అడుగులు. అదే రోజు నాలుగోసారి విల్బర్ 59 సెకన్లు, 852 అడుగులు ఎగిరాడు. ఎదురుగాలి ఉన్న ఆ చలిరోజు గాలి చిక్కగా ఉండటం కూడా వాళ్లకు కలిసొచ్చింది. ఆ తర్వాత సుడిగాలి వచ్చి నేలమీదున్న విమానాన్ని దొర్లించేసింది. అది మళ్లీ ఎగరలేదు. మొత్తం ఖర్చు వెయ్యి డాలర్ల లోపే.

తమ సైజు ఇంజిన్ నుంచి అసలు రావాల్సిన దాంట్లో సగం కూడా రాలేదని తర్వాతి అనుభవంతో గానీ వాళ్లకు తెలియలేదు. తెలియక, 12కే మురిసిపోయామని ఆర్విల్ తర్వాత రాసుకున్నాడు. తర్వాత కట్టిన నిలువు ఇంజిన్ సైజు 240 క్యూబిక్ అంగుళాలు. సైజు పెరిగింది 20 శాతమే, పవర్ మాత్రం 30 దాటింది.

1905 అక్టోబరు 5న డేటన్ దగ్గరి పచ్చికబయలు మీద విల్బర్ 39 నిమిషాలు ఆగకుండా చుట్లు కొట్టాడు. అయినా లోకం నమ్మలేదు. 1908లో ఫ్రాన్స్ వెళ్లాడు. కస్టమ్స్‌లో పెట్టెలు విప్పి మళ్లీ కుక్కేసరికి సామాను సగం చితికిపోయింది. ఒక్కడే కూర్చుని బాగుచేసుకున్నాడు. జులై 4న ఇంజిన్ టెస్టు చేస్తుంటే రేడియేటర్ గొట్టం ఊడి మరిగే నీళ్లు చేతిమీద, పక్కటెముకల మీద పడ్డాయి. నెల తిరగ్గానే, ఆగస్టు 8న, ల మాన్స్ గుర్రప్పందేల మైదానంలో ఎగిరాడు. రెండు నిమిషాలు కూడా కాదు. అంతవరకూ ఎగతాళి చేసిన ఫ్రెంచి పత్రికలు మర్నాడు క్షమాపణ చెప్పుకున్నాయి. డిసెంబరు 31న, గడ్డకట్టే చలిలో 2 గంటల 20 నిమిషాలు గాల్లో ఉండి మిషెలిన్ కప్పు గెలిచాడు.

తర్వాతి మూడేళ్లు విల్బర్ కొత్తగా కనిపెట్టింది పెద్దగా లేదు. పేటెంటు కేసులు మింగేశాయి. కోర్టులు, లాయర్లు, సాక్ష్యాలు. అది ఆయన తప్పా, కాలం తప్పా అన్నది ఇప్పటికీ వాదించుకునే విషయం. నా మటుకు ఆ మూడేళ్లూ షాపులో గడిపి ఉంటే బాగుండేదనిపిస్తుంది. 1912 మే 30న టైఫాయిడ్‌తో డేటన్‌లో సొంత ఇంట్లోనే కన్నుమూశాడు. స్మిత్‌సోనియన్‌కు ఉత్తరం రాసి అప్పటికి సరిగ్గా 13 ఏళ్లు. వయసు 45. పెళ్లి చేసుకోలేదు.

12 హార్స్‌పవర్ ఇచ్చిన ఆ మొదటి ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్‌ను, ఫ్లైవీల్‌ను 1906లో న్యూయార్క్ ప్రదర్శనకు ఇచ్చారు. టేలర్ ఉలితో కొట్టి తీసిన ఆ 19 పౌండ్ల క్రాంక్‌షాఫ్ట్ మళ్లీ వెనక్కి రాలేదు. ఆ ఇంజిన్‌కు మోడల్ పేరు పెట్టాలని ఎవరూ అనుకోలేదు. ఇప్పటికీ 1903 ఇంజిన్ అనే అంటారు. అక్కడ అంకె సైజూ కాదు, పవరూ కాదు, ఏడాది.